కోయని గొట్టం

సముద్రం అడుగు నుంచి తెచ్చిన బురదను కడగడం ఆమె ఉద్యోగం. సంస్థలో అందరూ ఆమెను జల్లెడక్క అనేవారు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. మొదట్లో ఎవరో ఎగతాళికి పెట్టిన పేరే గానీ, పోనుపోను జీతాల గదిలోవాళ్ళ నోటికి కూడా అదే అలవాటైపోయి, అసలు పేరు అడిగితే ఓ క్షణం ఆలోచించేవారు.

ఆమె పనిచేసే గదిలో పొడవాటి రాతిగట్టు ఒకటి, రెండు తొట్లు, గోడవారగా ఓ ఓవెన్ ఉండేవి. పొద్దున రాగానే చెప్పులు విడిచి రబ్బరు బూట్లు తొడుక్కునేది. పక్కగదిలో కోసి పంపిన బురద ముక్కలు ఒక్కొక్కటీ వేలి మందాన వచ్చేవి. వాటిని నీళ్ళలో నానబెట్టి, వెంట్రుక దూరడమే కష్టమయ్యేంత సన్నని జల్లెడలో పోసి, పలచటి ధారకింద మెల్లగా తిప్పేది. బురదంతా నీళ్ళతోపాటు జారిపోయేది. చివరికి జల్లెడలో చిటికెడు తెల్లటి నూక మిగిలేది. చూసినవాళ్ళెవరైనా ఇసుక అనుకుంటారు. ఇసుక కాదు. అందులో ప్రతి రేణువూ ఓ గుల్ల, ఒకప్పుడు సముద్రంలో బతికిన, కంటికి ఆనీ ఆనని ఓ జీవి కట్టుకున్న ఇల్లు.

ఆ జీవి తన చుట్టూ ఉన్న నీళ్ళలోంచే సున్నం తీసుకుని గుల్ల కట్టుకుంటుంది. నీళ్ళు వెచ్చగా ఉంటే ఆ సున్నంలోకి మెగ్నీషియం కాస్త ఎక్కువ చేరుతుంది, చల్లగా ఉంటే తక్కువ చేరుతుంది. చచ్చాక గుల్ల అడుక్కి రాలుతుంది. దానిమీద ఇంకో పొర, ఆ పైన మరో పొర. వేల ఏళ్ళ తర్వాత ఆ గుల్లను తీసి, యాసిడ్‌లో కరిగించి, మెగ్నీషియం ఎంతుందో యంత్రంలో కొలిస్తే అది బతికిన నాడు నీళ్ళు ఎంత వెచ్చగా ఉండేవో తెలుస్తుంది. సంస్థలో జరిగే పనంతా ఇందుకోసమే.

"ఎప్పుడో చల్లారిపోయిన నీళ్ళకి ఇప్పుడు జ్వరం చూస్తారు మావాళ్ళు" అని ఆమె భర్త నవ్వేవాడు.

అతను ఆ సంస్థ ఓడలో కళాసి. ఏడాదిలో సగం రోజులు నీళ్ళమీదే ఉండేవాడు. బరువైన ఇనుప గొట్టాన్ని ఉక్కుతాడుకి కట్టి సముద్రంలోకి వదిలితే, అది అడుగున బురదలోకి నిలువునా దిగబడేది. పైకి లాగితే గొట్టం నిండా బురద వచ్చేది, కింద పాతది, పైన కొత్తది. గొట్టాన్ని దించడం, లాగడం, ఓడ పక్కకు వచ్చాక పట్టుకుని కొక్కేనికి తగిలించడం, ఇదీ అతని పని. పెళ్ళయిన నాలుగో ఏట అలా లాగుతున్నప్పుడే అతను పోయాడు.

ఆ సంగతి చెప్పడానికి వచ్చినవాణ్ణి అందరూ వించి మామ అంటారు. ఓడమీద ఉక్కుతాడును చుట్టే యంత్రం, వాళ్ళ మాటలో వించి, అతని చేతికింద ఉండేది. వంటింటి గుమ్మంలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, నేలకేసి చూస్తూ చెప్పాడు.

"గాలి పెద్దగా లేదమ్మా ఆ రోజు. అలలు మాత్రం ఎత్తుగా వస్తున్నాయి. గొట్టం పైకొచ్చేసింది. పట్టుకోడానికి ఇద్దరు ముందుకెళ్ళారు. ఓడ ఒరిగింది. గొట్టం ఊగి వాడి భుజానికి తగిలింది. నేను తాడు ఆపేసరికి మనిషి లేడు."

ఆ రోజూ, మర్నాడూ వెతికారు. మనిషి దొరకలేదు. గొట్టం మాత్రం ఓడమీద ఉంది, బురదతో సహా.

అతను ఈ మాటలు చెబుతున్నంతసేపూ అత్తగారు పెరట్లో తీగమీది బట్టలు తీస్తూ ఉండిపోయింది. తీసిన బట్టలే మళ్ళీ ఆరవేసి మళ్ళీ తీసింది. వించి మామ వెళ్ళిపోయాకే లోపలికి వచ్చింది.

సంస్థవాళ్ళు భార్యకు ఉద్యోగం ఇచ్చారు. చదువు అంతంతమాత్రం కాబట్టి కడిగే గదిలో వేశారు. అన్నగారు వచ్చి తమ ఇంటికి వచ్చెయ్యమన్నాడు. "ఆవిడకి నేను తప్ప ఎవరున్నారు అన్నయ్యా" అంది. అది నిజమే. నిజానికి తనకి కూడా ఆ ఇల్లు విడిచిపెట్టబుద్ధి కాలేదు, ఆ మాట పైకి అనలేదు. రెండు గదుల ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఇద్దరే మిగిలారు.

అత్తగారు కాజాలు కుట్టేది. బట్టల కొట్టువాళ్ళు చొక్కాలు మూటగట్టి పంపితే, కిటికీ పక్కన కూర్చుని ఒక్కొక్క చొక్కాకీ వరసగా కాజాలు కుట్టి పంపేది. తక్కువ మాట్లాడే మనిషి. కొడుకు గురించి అస్సలు మాట్లాడదని కాదు, మాట్లాడేది. "వాడు పులుపు తినడు", "వాడికి ఈ రంగు నచ్చదు" అనేది. తినేవాడు కాదు, నచ్చేది కాదు అని ఆమె నోట ఎప్పుడూ రాలేదు. పోయాడు అనే మాట రాకుండా "వాడున్న చోట" అనేది. కోడలు మొదట్లో ఉలిక్కిపడేది, తర్వాత తానూ అలాగే అనడం నేర్చుకుంది. బయటివాళ్ళెవరైనా వింటే అతను ఊరెళ్ళాడనుకుంటారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ సాయంత్రం అత్తగారు దారం పళ్ళతో కొరుకుతూ అడిగింది.

"మీ ఆఫీసులో నీళ్ళ వెచ్చదనం కనిపెడతారటగా?"

"పాతకాలం నీళ్ళదత్తయ్యా. ఇప్పటివి కాదు."

"ఏదైతేనేం. వాడున్న చోట ఎంత చలిగా ఉంటుందో తెలుస్తుందా?"

తెలుస్తుంది. ఆ పాటికే ఆమెకు తెలుసు. కడిగే గది గోడకి ఓ పటం ఉండేది, సముద్రం లోతుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు ఎలా చల్లబడతాయో గీసింది. పైన ఎంత ఎండ కాసినా లోతున నీళ్ళు మంచుకి కాస్త ఎడంగా మాత్రమే ఉంటాయి. చేరిన వారంలోనే ఆ గీతను వేలితో కిందిదాకా అనుసరించి, చివర ఉన్న అంకె చూసి, తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"ఆ గొట్టం ఇంకా కోయలేదత్తయ్యా" అంది. "కోస్తేగానీ తెలీదు."

నోటికి వచ్చిన మాట అనేసింది, అంతే. ఆ పూట గడిస్తే చాలనుకుంది. అత్తగారు మాత్రం దాన్ని మాటగా తీసుకుంది. కొన్నాళ్ళకి "కోశారా?" అని అడిగింది. లేదంది. వానలు మొదలయ్యాక మళ్ళీ అడిగింది. ఏడాదికి రెండుమూడుసార్లు, ఏ కూర తరుగుతూనో, ఏ బట్టలు మడత పెడుతూనో, అటు తిరిగి అడిగేది. ఇంకా లేదని కోడలు ఇటు తిరిగి చెప్పేది. అబద్ధం కాదు, ఆ గొట్టాన్ని ఎవరూ కోయలేదు మరి.

తెచ్చిన గొట్టాలన్నీ సంస్థ చల్లగదిలో అరలమీద ఉండేవి. బురద ఎండిపోకుండా ఆ గదిని ఎప్పుడూ చల్లగా ఉంచేవారు. ఆ గొట్టం అన్నిటికంటే కింది అరలో, మూల ఉండేది. దాన్ని కోయవద్దని ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు. కానీ ఎవరి చేతులూ అటు వెళ్ళలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే "దాని సంగతి తర్వాత చూద్దాంలే" అనేవారు. నడుం పట్టేసి ఓడ పని మానేసిన వించి మామను ఆ గదికి కాపరిగా వేశారు. గొట్టాలన్నిటితోపాటు దాన్నీ తుడిచేవాడు, వంగలేక కూర్చుని.

అలా ఎన్నో ఏళ్ళు గడిచాయి. జల్లెడక్క జుట్టు ముందువైపు నెరిసింది. అప్పుడు వచ్చింది డాక్టరమ్మ.

పెద్ద చదువు చదివి వచ్చిన అమ్మాయి. గేటు దగ్గర కాపలావాడు డాక్టరన్న మాట విని మోకాలి నొప్పికి మందు అడిగితే, "నేను బురదకి డాక్టర్ని బాబాయ్" అందిట. ఆ మాట సంస్థంతా పాకి, రెండు రోజులు అందరూ చెప్పుకుని నవ్వుకున్నారు. ఆమె చల్లగదిలో గొట్టాలన్నీ చూసి, మూలనున్న దాని దగ్గర ఆగింది. అక్కడి సముద్రంలో బురద త్వరత్వరగా పేరుకుంటుంది. పొరలు చెదరకుండా ఉంటాయి. పైగా ఆ గొట్టం మిగతావాటికంటే లోతుగా దిగింది. తనకి కావలసింది అదేనని పెద్దసారు దగ్గరికి వెళ్ళి చెప్పింది. సంస్థ నడిపే ఆయన తలుపు మూసి, ఆమెకు సంగతంతా చెప్పాడు. ఇద్దరూ కలిసి ఓ ఆలోచన చేశారు. జల్లెడక్కను శిక్షణ పేరుతో కొన్నాళ్ళు వేరే ఊరు పంపాలి. ఆమె తిరిగొచ్చేసరికి కోయడం, కడగడం అన్నీ అయిపోవాలి. ఇద్దరిదీ మంచి ఉద్దేశమే.

వించి మామ కడిగే గది గుమ్మం దగ్గరకు వచ్చి ఆ సంగతి చెప్పేశాడు.

"నువ్వు ఊళ్ళో లేనప్పుడు కోస్తారటమ్మా. నీతో చెప్పొద్దన్నారు. నాకు మనసొప్పలేదు."

ఆమె జల్లెడ దించి, చేతులు తుడుచుకుని, బూట్లతోనే పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

"నన్నెందుకు సార్ శిక్షణకి పంపుతున్నారు?"

"కొత్తరకం ఓవెన్లు వస్తున్నాయి కదా, వాటి గురించి…" ఆయన బల్లమీద కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

"నా వెనకాల కోద్దామనుకున్నారు."

ఆయన సర్దడం ఆపాడు. "నీకు బాధ కలగకూడదనమ్మా."

"బాధ లేనిదెప్పుడు సార్. రోజూ ఆ గది ముందు నుంచేగా వెళ్తున్నాను. నేను కనబడితే మీరంతా మాట మార్చేస్తారు చూడండి, అదే నాకు కష్టంగా ఉంటుంది. ఇన్నేళ్ళూ మార్చారు."

ఆయన కాగితాలు వదిలేసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"కోయండి. కడిగేది మాత్రం నేనే. రెండ్రోజులు ఆగండి, ఇంట్లో చెప్పాలి."

గట్టిగానే చెప్పింది గానీ, తిరిగి తన గదికి నడుస్తుంటే భయమేసింది. గొట్టం కోస్తారని కాదు. అది కోయనన్నాళ్ళూ దాని చాటున తాను దాక్కుంది. ఇక దాక్కోవడానికి చోటు లేదు.

ఆ సాయంత్రం అత్తగారు కిటికీ పక్కన చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అత్తయ్యా, ఎల్లుండి ఆ గొట్టం కోస్తారు."

సూది గుడ్డలో సగం దిగి ఆగింది.

"నేనూ వస్తాను" అంది అత్తగారు.

పెద్దసారు కాదనలేదు. ఆ రోజు అత్తగారు ఉతికిన బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, కోడలి చెయ్యి పట్టుకోకుండా మెట్లెక్కింది. వించి మామ గొట్టాన్ని చక్రాల బల్లమీద తెచ్చి పెట్టాడు. ఇనుప గొట్టం లోపల ప్లాస్టిక్ గొట్టం ఇంకోటి ఉంటుంది, బురద ఉండేది అందులోనే. చల్లగదిలో పెట్టేది దాన్నే. డాక్టరమ్మ దాన్ని రెండువైపులా పొడుగునా చీల్చి, సన్నటి ఉక్కు తీగను ఇటు చివర నుంచి అటు చివరకి లాగింది. రెండు సగాలుగా విడదీసి పక్కపక్కన పరిచింది. ఒక సగం పనికి వాడతారు, రెండోది ముట్టుకోకుండా దాస్తారు.

ఎగువన వేలి మందాన గోధుమరంగు. దాని కింద ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు. ఇంకా కిందికి పోతే లేత చారలు, ముదురు చారలు. తడిమట్టి వాసనలో ఆరిన అగ్గిపుల్ల వాసన కలిసినట్టుంది.

"ముట్టుకోవచ్చా?" అని అడిగింది అత్తగారు.

డాక్టరమ్మ ఆమె చేతికి రబ్బరు తొడుగు వేసి, చివర మిగిలిన ముద్ద నుంచి కొంచెం తీసి అరచేతిలో పెట్టింది. అత్తగారు బొటనవేలితో దాన్ని మెల్లగా రాసింది.

"ఇంత మెత్తగా ఉంటుందా" అంది. బురద పొరలకేసి చూస్తూ, "వాడు ఇందులో ఎక్కడ?" అంది.

డాక్టరమ్మ జల్లెడక్క ముఖంలోకి చూసింది. జల్లెడక్క బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇందులో లేడత్తయ్యా. ఇదంతా ఆయనకంటే ముందుది. ఈ పైన ఉన్న పొర ఆ రోజుకి అడుగున ఉన్నది. ఆ తర్వాత రాలింది ఇందులోకి రాలేదు. అక్కడ రాలిందైనా ఈపాటికి గోరు మందం కూడా ఉండదు."

"మరి చలి?"

"అది యంత్రంలో పెట్టాక తెలుస్తుందమ్మా, కొన్ని నెలలు పడుతుంది" అని డాక్టరమ్మ మెల్లగా అందుకుంది. ఆమె చెబుతున్నది వేల ఏళ్ళనాటి నీళ్ళ సంగతి. అత్తగారు అడిగింది అది కాదని ఆ గదిలో ఒక్కరికే తెలుసు.

"రెండు డిగ్రీలు ఉంటుందత్తయ్యా" అంది జల్లెడక్క. "ఇంచుమించు మంచునీళ్ళే. లోతున ఎక్కడైనా అంతే. దీన్ని కోయకపోయినా తెలుస్తుంది. మీరు మొదటిసారి అడిగిన రోజుకే నాకు తెలుసు."

అత్తగారు అరచేతిలోని మట్టిని బల్లమీద పెట్టింది. తొడుగు తీసి, రెండు మడతలు పెట్టి డాక్టరమ్మకు ఇచ్చింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"మరైతే ఇన్నేళ్ళూ నన్నెందుకు ఎదురుచూడనిచ్చావు?"

జల్లెడక్క బల్లమీది మట్టిని గుడ్డతో తుడవసాగింది. వించి మామ ఆ పెద్దావిడను ఇంటి దగ్గర దింపి వచ్చాడు.

ఆ రోజు నుంచి అత్తగారు మాట్లాడటం మానేసింది. వంట చేసేది, పళ్ళెం మూతపెట్టి ఉంచేది, కోడలు తినేసరికి తాను కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చునేది. గిన్నెల చప్పుడు తప్ప ఇంట్లో మరో చప్పుడు లేదు. కోపం తెచ్చుకుని అరిచి ఉంటే బాగుండుననిపించేది కోడలికి. తానే ఒకటి రెండుసార్లు "అత్తయ్యా" అని మొదలుపెట్టి, ఆ వీపును చూసి ఆగిపోయింది. వారాలు గడిచాయి.

అక్కడ సంస్థలో ఆమె ఆ గొట్టంలోని బురద కడుగుతూనే ఉంది. పైనుంచి కిందికి, ముక్క తర్వాత ముక్క. భయపడినంత కష్టంగా ఏమీ లేదు. అన్ని బురదల్లాగే అదీ జారిపోయింది, అన్నిటిలాగే గుల్లలు మిగిల్చింది. అందులో కొన్ని నీటిపైభాగాన బతికినవి, కొన్ని అడుగున బతికినవి. డాక్టరమ్మ వాటిని మైక్రోస్కోపు కింద సన్నటి కుంచెతో ఏరేది.

ఓ మధ్యాహ్నం జల్లెడక్క ముక్క ఒకటి జల్లెడలో పోసి ధారకింద పెట్టింది. చెయ్యి తిరుగుతోంది, మనసు ఇంట్లో ఉంది. జల్లెడ కన్నాలు బురదతో పూడుకుపోయి నీళ్ళు నిలిచిపోవడం ఆమె గమనించలేదు. గమనించేసరికి నీళ్ళు అంచు దాటి పొంగి, గుల్లలతో సహా తొట్టిలోకి, తొట్టిలోంచి కాలవలోకి వెళ్ళిపోయాయి. జల్లెడలో ఏమీ మిగల్లేదు. అన్నేళ్ళ ఉద్యోగంలో ఇలా ఎన్నడూ జరగలేదు.

కుళాయి కట్టి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"ఒక ముక్క పోయింది. పొంగిపోయింది. తప్పు నాదే."

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. ఆ ఒక్క ముక్కా వందేళ్ళ కాలం. కాసేపు మైక్రోస్కోపు మీద చెయ్యి అలాగే ఉంచి, "ఏ ముక్క?" అని అడిగింది. చెప్పాక రాసుకుంది. ఫరవాలేదు అనలేదు. అని ఉంటే జల్లెడక్కకి ఇంకా భారంగా ఉండేది. దాచిన రెండో సగం నుంచి తీసుకోవచ్చునేమోనని పెద్దసారు అన్నాడు గానీ, దాన్ని ముట్టుకోకూడదన్నది నియమం. ఆ చోటును ఖాళీగానే వదిలేద్దామంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం జల్లెడక్క ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. అత్తగారు యథాప్రకారం అటు తిరిగి ఉంది.

"అత్తయ్యా, ఇవాళ వందేళ్ళు కాలవలో పారబోశాను" అంది ఆ వీపుతోనే.

సూది ఇంకో రెండు కుట్లు వేసింది.

"తిట్టారా?" అంది అత్తగారు తిరక్కుండానే.

"లేదు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. అప్పుడు అత్తగారు చొక్కా పక్కన పెట్టింది.

"వాడికి చలంటే పడేది కాదు" అంది.

పడదు అనలేదు, పడేది కాదు అంది. కోడలు తలెత్తి చూసింది. అత్తగారు తన నోట వచ్చిన మాటను తానే విని, దాన్ని వెనక్కి తీసుకోకుండా, అలా కూర్చుంది. తర్వాత ఒక్కొక్కటే చెప్పసాగింది. చిన్నప్పుడు స్నానానికి పిలిస్తే నీళ్ళలో చిటికెనవేలు ముంచి చూసి పారిపోయేవాడు. పట్టుకొచ్చి పోస్తే వీధంతా వినబడేలా ఏడ్చేవాడు. అలాంటివాడు ఓడ ఉద్యోగం అన్నప్పుడు తాను నవ్వింది, తడవకుండా చేసే ఉద్యోగమా అని. పారిపోయేవాడు, పోసేదాన్ని, ఏడ్చేవాడు, అన్నీ జరిగిపోయిన మాటలే. చెబుతూ చెబుతూ ముఖాన్ని చొక్కాలో దాచుకుంది. కోడలు లేచి వెళ్ళి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు ఏడవడం అదే మొదటిసారి.

"చెబుదామనే అనుకున్నానత్తయ్యా ప్రతిసారీ. చెప్పాక మీరు ఆ చలిలోనే కూర్చుంటారేమోనని."

"నువ్వు కూర్చోలేదూ?" అంది అత్తగారు. "నీకు తెలుసుగా. అన్నేళ్ళూ ఒక్కదానివే కూర్చున్నావు. నాకు చెబితే ఇద్దరం కూర్చునేవాళ్ళం."

కోడలు కళ్ళు తుడుచుకుంది.

"కోపం పోయిందనుకోకు" అంది అత్తగారు ముక్కు తుడుచుకుంటూ. "ఉంది. ఉంటుంది ఇంకొన్నాళ్ళు. ముందు లేచి కాళ్ళు కడుక్కో, తిందువుగాని."

తర్వాతి సెలవురోజున వించి మామను భోజనానికి పిలవమంది అత్తగారే. అతను వచ్చి, ఇన్నేళ్ళ తర్వాత కూడా గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోబెట్టి, ఆ రోజు జరిగింది మొదటి నుంచి చెప్పమంది. అతను చెప్పాడు. అలలు, గొట్టం, ఒరిగిన ఓడ. ఈసారి ఆమె లేచి వెళ్ళలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విన్నది.

"ఏమైనా అన్నాడా నాయనా?"

"అనే వ్యవధి లేదమ్మా."

"పొద్దున తిన్నాడా?"

"తిన్నాడు. చాలక నా పళ్ళెంలోది కూడా లాక్కున్నాడు."

"వాడంతే" అని, వెంటనే "అంతే, అలాగే చేసేవాడు" అని దిద్దుకుంది. "నీ చేతిలో ఉన్నది యంత్రమేగా. ఆపావు కదా. నువ్వు తిను." అతని పళ్ళెంలో ఇంకొంచెం వడ్డించింది. వించి మామ తల వంచుకుని తిన్నాడు. చాలాసేపు తిన్నాడు.

ఫలితం రావడానికి ఏడాది పైనే పట్టింది. డాక్టరమ్మ కాగితం పట్టుకుని వాళ్ళింటికే వచ్చింది. మంచుయుగం చివర్లో ఆ సముద్రం పైనీళ్ళు ఇప్పటికంటే మూడు డిగ్రీలు చల్లగా ఉండేవని, తర్వాత మెల్లమెల్లగా వెచ్చబడ్డాయని, అట్టడుగు నీళ్ళు మాత్రం అప్పుడూ ఇప్పుడూ చల్లగానే ఉన్నాయని గీతలమీద వేలు పెట్టి చెప్పింది. ఎగువ పొరలకి, అంటే ఈమధ్య కాలానికి వచ్చేసరికి పైనీళ్ళ గీత నిటారుగా లేస్తోంది. సముద్రం ఇంత వేగంగా వెచ్చబడటం తనకి నచ్చడం లేదంది. అత్తగారు అంతా విని, గీతలు రెండూ మధ్యలో ఒకే చోట తెగి ఉండటం చూసింది.

"ఇక్కడేమైంది?"

"అదా, మీ కోడలు పారబోసిన వందేళ్ళు."

"అతికించెయ్యకపోయావా, అటూ ఇటూ కలిపి ఓ గీత గీసి?"

"తెలియనిదాన్ని గీయకూడదమ్మా."

అత్తగారు తల ఊపింది. ఓసారి కోడలి వైపు చూసింది.

ఈ ఫలితాల వ్యాసం అచ్చువేసేటప్పుడు చివర జల్లెడక్క భర్త పేరు రాయనా అని డాక్టరమ్మ అడిగింది. జల్లెడక్క ఓ రోజంతా ఆలోచించింది. ఆ రోజు ఆ గొట్టాన్ని లాగినవాళ్ళు చాలామంది, అందరూ ఆ బరువు ఇళ్ళకి తెచ్చుకున్నారు, అందరి పేర్లూ రాయమంది. అలాగే రాశారు. అతని పేరు మధ్యలో ఎక్కడో, వించి మామ పేరు పక్కన వచ్చింది.

మరుసటి ఏడాది ఓడమీద బురద కడగడానికి మనిషి కావాలన్నారు. సంస్థలో ఎవరూ జల్లెడక్కను అడగలేదు. ఆమే వెళ్ళి తన పేరు ఇచ్చింది. ఇంట్లో మాత్రం అన్నం తిన్నాక, అత్తగారి ఎదుట కూర్చుని చెప్పింది. అత్తగారు కాజా కుట్టడం ఆపి కాసేపు కిటికీలోంచి వీధిలోకి చూసింది. "ఉన్ని బట్టలు పెట్టుకెళ్ళు" అంది.

వెళ్ళింది. అది వేరే సముద్రం. మొదటి రెండు రోజులూ కడుపులో ఏదీ నిలవలేదు. మూడో రోజుకి లేచి పనిలో పడింది. తిరిగొచ్చేసరికి ఉప్పుగాలికి ముఖం నల్లబడింది, చేతులు పగిలాయి. అత్తగారు తలుపు తీసి, ముందు ఆ చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీళ్ళు ఎలా ఉన్నాయే అక్కడ?"

"దూరంగా చూస్తే నీలంగా ఉంటాయత్తయ్యా. ఓడ పక్క నుంచి వంగి చూస్తే నలుపు."

"భయం వేసిందా?"

"వేసింది. ఓడ అంచున కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. తర్వాత గొట్టం పైకొచ్చింది, పని పడింది."

అత్తగారు సంచీ అందుకుని, ఉప్పుపట్టి బిరుసెక్కిన బట్టలు ఒక్కొక్కటే బయటికి తీసి, నానబెట్టడానికి బకెట్టులో వేయసాగింది.